కార్డులో మాత్రం డెబ్భై నాలుగే

2011. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఊపిరితిత్తుల డాక్టరమ్మ క్లినిక్‌లో నేను ఆయాను. నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది గానీ, ఒకసారి చూసిన అంకె మాత్రం మర్చిపోను. వచ్చినవాళ్లను బరువు మిషన్ ఎక్కించడం, పీక్ ఫ్లో మీటర్ ఊదించడం నా పని. ఆ మీటర్ ఒక చిన్న గొట్టం. గట్టిగా ఊదితే ముల్లు జరిగి ఊపిరి బలమెంతో చూపిస్తుంది. బరువు మిషన్ అందరూ కూర్చునే హాల్లోనే ఉండేది. నేను అంకె కేకేసి చెబితే, కౌంటర్లో కాంపౌండర్ కార్డు మీద రాసేవాడు.

సత్యవతి గారిది భీమవరం వైపు. మన్సూరాబాద్‌లో కర్రీ పాయింట్ నడిపేవారు. ఆస్తమా ఉంది. మొదటిసారి నేను "డెబ్భై నాలుగు" అని కేకేస్తే బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ముఖం మాడిపోయింది. రెండోసారి మిషన్ ఎక్కకముందే నా చెయ్యి పట్టుకున్నారు.

"యాదమ్మా, నీకు పుణ్యముంటుంది. పెరిగినా సరే, ఆ పాత అంకే చెప్పమ్మా."

"గదెంత పని అక్కా! జెప్త తియ్యి."

నాకది సాయం చేయడంలాగే అనిపించింది. వచ్చినప్పుడల్లా డెబ్భై నాలుగే కేకేశాను.

ఇంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. ఒకరోజు ఆమె ఎక్కిన ఆటోకు కొత్తపేట దగ్గర ర్యాలీ అడ్డొచ్చింది. అక్కడి నుంచి నడిచొచ్చారు. గుమ్మంలోకి వచ్చేసరికి మాట రావడం లేదు, ఛాతీలోంచి పిల్లికూతలు నా దాకా వినిపిస్తున్నాయి. వెంటనే నెబులైజర్ పెట్టాం. మందును పొగమంచులా చేసి మాస్కుతో పీల్పించే మిషన్ అది. తేరుకున్నాక మొదటి మాట నన్నే అన్నారు.

"మీ తెలంగాణ సంగతేమో గానీ, నా ప్రాణం పోయేలా ఉందే."

"అట్లనకు అక్కా. తెలంగాణ రావాలె, నీ ఊపిరి గూడ రావాలె. నాకు రెండూ గావాలె."

డాక్టరమ్మ కార్డు తిరగేశారు. "ఇన్‌హేలర్ సరిగ్గానే పీలుస్తున్నారు. బరువూ పెరగలేదు. మరి ఆయాసం ఎందుకు ఎక్కువవుతోంది? ఇక స్టెరాయిడ్ మాత్రలు కొన్ని నెలలు వాడాల్సిందే."

ఆ మాత్రలు నెలల తరబడి మింగితే ఆకలి, బరువు పెరుగుతాయని డాక్టరమ్మే ఎంతోమందికి చెప్పడం నేను విన్నాను. సత్యవతి గారు నా వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. చెబితే ఆమె పరువు, నా నౌకరీ పోతాయి. చెప్పకపోతే పోయేది ఆమె ఊపిరి.

"మేడం, కార్డుల రాసింది తప్పు. నేనే అబద్ధం జెప్పిన. ఫిబ్రవరిల డెబ్భై ఆరు, ఏప్రిల్ల డెబ్భై తొమ్మిది, జూన్ల ఎనభై ఒకటి, పోయిన నెల ఎనభై నాలుగు."

డాక్టరమ్మ కార్డు మీది పాత అంకెలన్నీ కొట్టేశారు. "ఇన్నాళ్లూ దుమ్మునీ, పోపు ఘాటునీ అనుమానిస్తూ కూర్చున్నాను కదా యాదమ్మా!" అన్నారు. తర్వాత సత్యవతి గారి వైపు తిరిగారు. "పొట్ట దగ్గర కొవ్వు పెరిగితే ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోలేవు. గాలి గొట్టాల్లో వాపు కూడా పెరగొచ్చు. బరువు కొంత తగ్గినా చాలు, తేడా తెలుస్తుంది."

"వంట చేసేదాన్ని, రుచి చూడకుండా ఎలాగండీ?"

"చూడండి. గరిటెతో కాదు, స్పూనుతో."

మాత్రలు కొద్దిరోజులకే రాశారు. ఇన్‌హేలర్ మాత్రం ఆపొద్దన్నారు, రోజూ నెమ్మదిగా నడవమన్నారు. ఆ రోజు సత్యవతి గారు నాతో మాట్లాడకుండానే వెళ్లిపోయారు. తర్వాతి నెల వచ్చినా పొడిపొడి మాటలే. మరుసటి వేసవికి తొమ్మిది కిలోలు తగ్గారు, ఇన్‌హేలర్ డోసూ తగ్గింది. ఒక మంగళవారం నేరుగా నా దగ్గరికొచ్చి చేతిలో వడల పొట్లం పెట్టారు.

"కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడిలో పదకొండు ప్రదక్షిణలు, ఎక్కడా ఆగకుండా చేశానే! ఇవన్నీ నువ్వే తిను. నా వాటా ఒకటే, గుడి దగ్గరే అయిపోయింది."

నా నౌకరీ పోలేదు. డాక్టరమ్మ బరువు మిషన్‌ను లోపలి గదిలోకి మార్చి, దానికో తెర కట్టించారు. సిగ్గుపడి నా చెయ్యి పట్టుకున్న మనిషికి ఆ రోజు కావలసింది తెరే. నాకది తోచక అబద్ధమిచ్చాను. ఇప్పుడు ఎవరి అంకె వాళ్లకే, చెవి దగ్గర, ఉన్నదున్నట్టు చెబుతున్నాను.