నేను మొరిగించిన చెట్టు

పదో తరగతి ఇంగ్లీషు పేపర్లో నేనొక చెట్టును మొరిగించాను. నవ్వండి, ఫరవాలేదు. కానీ నన్ను నమ్మిన ఇంకో పిల్ల చేత కూడా దాన్ని మొరిగించాను. నా సిగ్గంతా దానికే.

రెండు వేల దశకం తొలి రోజులు. నాన్నకు బదిలీ అయి ఖమ్మం పక్కనున్న ఖానాపురం హవేలి నుంచి అడవి అంచునున్న చర్లకు వచ్చాం. పట్నం బడిలో చదివినదాన్నన్న గీరతో నా నడకే మారిపోయింది. ఎవరు ఏ మాటకు అర్థం అడిగినా ఆలోచించకుండా చెప్పేసేదాన్ని. ఆలోచిస్తే నాకు తెలియదని తెలిసిపోదూ!

నా పక్కన జోగమ్మ కూర్చునేది. వాళ్ళది అడవిలో ఊరు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు. తప్పితే మిరప కోతకు పోవాల్సిందేనని వాళ్ళమ్మ ముందే చెప్పింది.

ప్రీఫైనల్ రోజు పొద్దున, పద్యంలో 'రఫ్ బార్క్' దగ్గర జోగమ్మ ఆగింది.

"రఫ్ అంటే గరుకు గదా. ముసలి చెట్టుకు గరుకుగ ఉండేది పట్ట. గదేనా?"

"పట్ట గిట్ట ఏం లేదు. బార్క్ అంటే మొరుగుడు."

"చెట్టు మొరుగుతదా ఏందే?"

"మీ అడవి చెట్టు గాదే, ఇంగ్లీషు పద్యంల చెట్టు. కోపమొచ్చి బొంగురు గొంతుతోని మొరిగింది."

"అవ్‌నా?" పాపం, పట్ట కొట్టేసి మొరుగుడు రాసుకుంది.

మొరిగే కుక్క కరవదంటారు. మొరిగే చెట్టు సంగతి నన్నడగండి.

వారం తర్వాత ఇంగ్లీషు సారు జోగమ్మ పేపరు పైకెత్తారు. "అడవిల పుట్టినవ్, చెట్టు మొరుగుడు ఎన్నడన్న విన్నవా?"

క్లాసంతా ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే, దొరికిపోతానన్న భయంతో. జోగమ్మ నావైపు చూసింది గానీ నా పేరు చెప్పలేదు. రెండు మార్కుల్లో తప్పింది.

సారు ఇంకో పేపరు తీశారు. "ఈ చెట్టు మొరుగుడే గాదు, తోక గూడ ఊపింది!"

అది నాది.

లేచాను. "సార్, జోగమ్మ పట్ట అనే చెప్పింది. నేనే మార్పిచ్చిన."

"మరి నవ్వినవేంది?"



బడి వదిలాక ఏడుస్తుంటే జోగమ్మే దగ్గరికొచ్చింది. "ఊకో. ఆదివారం మా ఊరికి రా, చెట్ల పట్టలు చూపిస్త. కరవయిలే."

అసలు పరీక్షలో ఆమెకు నాకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి.

ఆ ఆదివారమే వాళ్ళ ఊళ్ళో ఒక ముసలి చెట్టు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: తెలియని మాటకు ఈ జన్మలో అర్థం చెప్పను.

చెట్టు కిక్కురుమనలేదు.