పదహారు కాదు, ఎనిమిది

మా పిన్నికి తల ఊపడం చేతకాదు. అంబులెన్స్ కోసం వచ్చే ఫోన్లు అందుకునే ఆఫీసులో కంప్యూటర్లు చూసే పని ఆమెది. ఫోన్లు ఎత్తే పని నాది. ఇరవై రెండేళ్లలో ముగ్గురు ఆఫీసర్లతో తగువు పడింది, ముగ్గురూ బదిలీ అయి పోయారు. "నేను పంపలేదే, వాళ్లే పోయారు" అంటుంది అమాయకంగా.

నాలుగో ఆయన ఫోన్లు నడిపించే కొత్త కంప్యూటర్ మిషన్ తెప్పించాడు. తెర మీద ప్రాసెసర్లు పదహారు అని చూపించింది. ఇంకేం, పదహారు ఫోన్ లైన్లూ దాని మీదే పెట్టేసి, సరిపోతుందని సంతకం చెయ్యమన్నాడు.

పిన్ని చెయ్యనంది. లోపల నిజంగా పనిచేసే భాగాలు, అంటే కోర్లు, ఎనిమిదే. ఒక్కో కోరు రెండు పనులు చేతిలో పెట్టుకుని, ఒకటి ఆగినప్పుడు రెండోదాన్ని నడిపిస్తుంది. అందుకే పదహారుగా కనిపిస్తుంది.

"ఒకటే పొయ్యి, ఇద్దరు వంటవాళ్లు అనుకో" అని చెప్పింది నాకు. "ఒకరు కూరలు తరుగుతుంటే ఇంకొకరు వండుకోవచ్చు. ఇద్దరూ ఒకేసారి బాణలి పట్టుకొస్తే?"

పైగా మా ఆపరేటింగ్ సిస్టమ్ పాతది. ఒక్కో కోరు రెండుగా కనిపించే ఈ జంటల సంగతి దానికి తెలియదు. పక్కన కోర్లు ఖాళీగా ఉన్నా, రెండు బరువైన పనుల్ని తీసుకెళ్లి ఒకే కోరు మీద పడేస్తోంది.

"పదహారని కనిపిస్తుంటే మీకెందుకమ్మా అనుమానం? కంపెనీవాళ్లు అబద్ధమాడతారా?" అన్నాడు ఆఫీసరు.

"వాళ్లు ఆడలేదు సార్. మీరే సగం చదివి ఊరుకున్నారు."

మాటలతో లాభం లేదని, పరీక్షకి పదహారు లైన్లూ ఒకేసారి నడిపించి ఆయన చెవులకు హెడ్‌ఫోన్ తగిలించింది. వరండాలోకి వెళ్లి ఫోన్ చేసి ఒక చిరునామా చెప్పింది. మాట ముక్కలుముక్కలుగా వచ్చింది. ఆయన ఇంటి నంబరు నాలుగు అని రాసుకున్నాడు. పిన్ని చెప్పింది నలభై నాలుగు. ఆ కాగితం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. అవతల ఎవరి ఊపిరో ఆగిపోతుంటే మన బండి నాలుగో నంబరు తలుపు కొడుతుంది!

జంటల సంగతి తెలిసిన కొత్త సిస్టమ్ వేసింది పిన్ని. అది ముందు ఖాళీ కోర్లన్నీ నింపి, తర్వాతే జత చేస్తుంది. ఎనిమిది లైన్ల వరకు మాట స్పష్టంగా వినిపించింది. పదహారుకి మళ్లీ తెగింది.

ఆయన పట్టు వదల్లేదు. "మీ పక్క సీటాయన రిటైరై రెండేళ్లయింది. ఆయన పనీ మీరే చేస్తున్నారుగా? మనిషే రెండు సీట్లు లాగుతుంటే మిషన్ లాగలేదా?"

రెండేళ్లుగా పిన్ని మధ్యాహ్నం కూర్చుని తినడం నేను చూడలేదు. పక్కనే ఉండి ఎందుకని ఒక్కసారైనా అడగనందుకు సిగ్గేసింది.

ఆమె ఆయన సంతకం చెయ్యమన్న కాగితం లాక్కుని, పదహారు కొట్టేసి, ఎనిమిది అని రాసి సంతకం పెట్టింది. తర్వాత సంచిలోంచి పక్క సీటు బీరువా తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టింది.

"బాగా గుర్తుచేశారు సార్. ఆ సీటుకి మనిషిని వేయించండి. నేను ఒక్కదాన్నే."