మా మేనత్త కట్టిన మట్టికప్పు ఇళ్లు

పోయిన నెలలో ఒక పొద్దున, నేను పనిచేసే ఆర్మూర్ పసుపు యార్డుకు మా మామ వచ్చాడు. కుప్పల మధ్య నుంచి మెల్లగా నడిచి వస్తుంటే సరుకు తెచ్చాడేమో అనుకున్నాను. దగ్గరికొచ్చాక చూస్తే కాళ్లకు చెప్పులు లేవు. "మీ అత్త పోయింది బిడ్డా. లేపితే లేవలే" అన్నాడు. చుట్టూ పసుపు వేలం పాట కేకలు. ఆ గోలలో మళ్లీ చెప్పించుకోవాల్సి వచ్చింది.

ఆమె మా నాన్న చెల్లెలు. గోదావరి మీద ప్రాజెక్టు కట్టినప్పుడు ఆమె మెట్టినూరు నీళ్లలో మునిగిపోయింది. దొంకేశ్వర్ వైపు, నీళ్లకు పైన, మొరం గడ్డ మీద వాళ్లకు కొంచెం భూమి మిగిలింది. ఎనభైల మొదట్లో అక్కడ రేకుల కొట్టం వేసి మామ మస్కట్ పోయాడు, వచ్చాక స్లాబు ఇల్లు కడతానని చెప్పి. అత్త ఒక్కతే బీడీలు చుట్టుకుంటూ ఆ కొట్టంలో ఉండేది. ఎండాకాలం ఆ రేకుల కింద, తడిపి పెట్టిన బీడీ ఆకు కూడా చేతిలోనే పెళుసెక్కి విరిగిపోయేది.

ఆ వేడికి తట్టుకోలేక ఆమె ఒక ఏడాది గడ్డపార తీసుకుని, కొట్టం వెనకున్న మొరం గట్టును తొలచడం మొదలుపెట్టింది. మూడు వైపులా గట్టే గోడ. ముందు పక్క పచ్చి ఇటుకల గోడ, దానికో తలుపు. పైన వేప దుంగలు, వాటి మీద తడికలు, మా యార్డులో చిరిగిపోయి పారేసిన పసుపు సంచులు, వాటిపైన మన్ను. వానలకు ఆ మన్ను మీద గడ్డి మొలిచింది. కొంచెం దూరం నుంచి చూస్తే అక్కడ ఇల్లున్నట్టే తెలిసేది కాదు. బతికుండగానే బొంద తవ్వుకుందని దారిన పోయేవాళ్లు నవ్వారు. "నవ్వనీ. లోపలికొచ్చి జరసేపు కూసుంటే వాళ్లే లేవరు" అనేది అత్త.

సెలవుల్లో నేను అక్కడికే వెళ్లేవాడిని. బయట నిప్పులు చెరుగుతున్నా లోపల చల్లగా, పసుపు వాసనతో, కొంచెం చీకటిగా ఉండేది. ఆమె తలుపు దగ్గరి వెలుతురులో చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టేది.

మరుసటి ఎండాకాలానికి నవ్వినవాళ్లే వచ్చి తమకూ కట్టించమన్నారు. అందరూ ఊరు మునిగి వచ్చినవాళ్లే, సిమెంటు కొనలేనివాళ్లే. వాళ్లు తవ్వుకునేవారు, అత్త దగ్గరుండి కప్పు వేయించేది. వాళ్లలో అత్తతో పాటు బీడీలు చుట్టే ఒక ఇల్లాలు ఉండేది. ఆమె అత్తగారు ముసలావిడ, ఎండకు అసలు ఓర్చుకోలేదు. ఆవిడ కోసమని అత్త ఆ ఇంటి కప్పు మీద మన్ను మందంగా పోయించింది.

తర్వాత కొన్నాళ్లకు ఒక వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. కోడలు బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లింది. పట్టపగలే ఆ కప్పు కూలింది. అత్త పరిగెత్తి, పార దొరికేదాకా చేతులతోనే తవ్విందట. ముసలావిడను బయటికి తీసేసరికి ప్రాణం లేదు. కోడలు వచ్చి చూసి, ఏడ్చి ఏడ్చి, చివరికి అత్త చేయి పట్టుకుని, "నువ్వు మా మంచికే కట్టినవక్కా. నీ తప్పేముంది" అంది. ఆమె తిట్టి ఉంటే అత్త ఎలాగో మోసేదేమో. ఆ మాటను మాత్రం మోయలేకపోయింది. ఎంతో కాలం తర్వాత కూడా నాతో, "సల్లగుండాలెనని గా మన్ను నేనే ఎక్కువ పోయించిన బిడ్డా" అనేది. జవాబు కోసం ఆగేది కాదు.

ముసురు ఇంకా తెరిపి ఇవ్వకముందే ఆమె పార పట్టుకుని మిగతా ఇళ్లకు వెళ్లింది. అందరినీ బయటికి రమ్మని, కప్పులు దింపించింది. ఈ వానలో పిల్లలతో ఎక్కడికి పోవాలని వాళ్లు తిరగబడ్డారు. రానివాళ్ల గుమ్మం ముందు తడుస్తూ కూర్చుంది, వచ్చేదాకా. అందరినీ బడి వరండాలోకి చేర్చాక, ఆఖరున తన ఇంటి కప్పు తానే లాగేసుకుంది. ఆ ఇళ్లలో కొన్ని నిలిచేవేమో. ఒక ఇంటివాళ్లు ఆమెతో మళ్లీ మాట్లాడనే లేదు. ఆమె చేసింది సరైనదేనా అంటే నేను ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత ఆమె గట్టును ముట్టుకోలేదు. జొన్న సొప్పతో తడికలు అల్లి, పల్చగా మట్టి మెత్తి, గుడిసెలు వేసేది. ప్రాజెక్టు నీళ్లు తగ్గినప్పుడు బయటపడిన భూమిలో సాగు చేసుకునేవాళ్లకూ, పసుపు ఉడకబెట్టే కూలోళ్లకూ అవే ఇళ్లు. నీళ్లు పెరిగితే విప్పి, బండి మీద వేసుకుని పైకి వచ్చేవారు. "కూలినా మనిషి లేసి బయటికి రావాలె. గసోంటిదే ఇల్లు" అనేది. ఎవరింటికి వెళ్లినా ముందు కప్పుకేసి చూసి, అప్పుడు కూర్చునేది. ఆర్మూర్‌లో మా ఇంటికొస్తే వాకిట్లోనే కూర్చునేది. అన్నం అక్కడికే తెచ్చిపెట్టేవాళ్లం.

తొంభైలలో మామ తిరిగొచ్చి అన్నట్టే స్లాబు ఇల్లు కట్టాడు. ఆమె పక్కనున్న గుడిసెలోనే ఉండిపోయింది. "నా కష్టమంతా ఇదే, ఒక్కసారన్నా లోపల పడుకోవా" అని మామ అడిగితే కాదనలేక వెళ్లి, తల గడప బయటికి పెట్టి పడుకుందట. ఆయన మళ్లీ అడగలేదు. ఆయన ఇంట్లో, ఆమె గుడిసెలో, వాకిలికి ఇటూ అటూ మాట్లాడుకుంటూ ముసలివాళ్లయ్యారు.

మా వాళ్లలో పూడ్చడమే ఆనవాయితీ. గుంత తవ్వడానికి మనుషులు గడ్డపారలు తీసుకుని బయలుదేరుతుంటే మామ దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు. ఆమె మీద మన్ను పొయ్యనియ్య. కాష్టం పేర్చుండ్రి" అన్నాడు.

పెద్దవాళ్లు ఏదో చెప్పబోయారు. ఆయన కదల్లేదు. గడ్డపారలు కింద పెట్టి, అందరం కట్టెల కోసం వెళ్లాం.

దినాలయ్యాక గుడిసె విప్పారు. తడికలు ఇంకా గట్టిగా ఉన్నాయని, ఇల్లు లేని ఒక కూలి కుటుంబానికి ఇచ్చేశాడు మామ. బండి వెళ్లిపోయాక, గుడిసె ఉన్నచోట అలికిన నేల ఒక్కటే మిగిలింది, ఆమె వేళ్ల గీతలతో సహా. మామ స్లాబు ఇంట్లోంచి చాప తెచ్చి, ఆ నేల మీద పరుచుకుని, ఆకాశం కింద పక్కకు తిరిగి పడుకున్నాడు.