షిగెనోకి మైల ఉందా, లేదా

పండగనాడు పొద్దున్నే, వీధి వంటశాలలో అన్నం ముద్దలు చుడుతున్న షిగెనోకి ఫోను వచ్చింది. కిన్పేయి రాత్రి పోయాడట. చెప్పింది అతని చెల్లెలు.

"చెప్పాలో వద్దో తెలీలేదు వదినా. చెప్పేశాను" అని పెట్టేసింది.

కిన్పేయి ఒకప్పుడు షిగెనో మొగుడు. రేవులో ఇంకో ఆవిడను చూసుకుని, విడాకుల కాగితం మీద ఈమె చేత ముద్ర వేయించుకుని వెళ్లిపోయిన పెద్దమనిషి. పోతే పోయాడు గానీ, దేవుడి పల్లకి వీధిలోకి వచ్చే రోజే దొరికిందా ఆయనకి?

చావు జరిగిన ఇంటివాళ్లు దేవుడి వంట ముట్టరు, పల్లకికి ఎదురు నిలబడరు, గుమ్మానికి లాంతరు కట్టరు. మరి తనది చావు జరిగిన ఇల్లేనా? ఏమీ పాలుపోక చేతిలో ముద్దను దూరంగా పెట్టేసింది.

"నిన్నొదిలేసి పోయినోడు పోతే నీకు మైలేంటక్కా? కానీ, చుట్టు" అంది పక్కింటి ఫుసాయే.

"అట్టా తీసిపారేస్తే ఎలాగమ్మా? ఒకే కుండలో అన్నం తిన్నవాళ్లు" అన్నాడు వీధి పెద్ద హయసాక. "మోసేవాళ్లలో ఎవడి నడుం విరిగినా రేపు నన్నే అంటారు."

"ఆ కుండ పగలగొట్టింది ఆయనేగా?" అంది ఫుసాయే.

ఇద్దరి మాటా నిజమే అనిపించింది షిగెనోకి. ఏడుపు రాలేదు. కోపమూ సరిగ్గా రాలేదు. పల్లకి మోసి మోసి కిన్పేయి ఎడమ భుజం మీద కాయ కాసి ఉండేది. ఏటా పండగ రాత్రి దానికి తనే మందుపట్టీ వేసేది. ఇప్పుడది ఎందుకు గుర్తొచ్చిందో ఆమెకే తెలియలేదు.

ముద్దలు ఫుసాయేకి అప్పగించి, హయసాకతో గుడికి వెళ్లింది. పూజారి పల్లకికి తాళ్లు బిగిస్తూ తల కూడా ఎత్తలేదు.

"విడాకులయ్యాయిగా? అయితే మీకు ఆయన ఏమీ కారమ్మా. మైల లేదు. నిశ్చింతగా రండి."

హయసాక ఊపిరి పీల్చుకున్నాడు. షిగెనో వంగి దండం పెట్టింది. దారంతా 'ఏమీ కారు' అన్న మాట చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

మధ్యాహ్నం "వాష్షోయ్, వాష్షోయ్" అంటూ పల్లకి మలుపు తిరిగింది. మోసేవాళ్ల మీద చల్లడానికి అందరూ నీళ్లతో గుమ్మాల్లో నిలబడ్డారు. షిగెనో కూడా చెంబు ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. చెంబు కింద పెట్టి, గుమ్మానికున్న లాంతరు విప్పేసింది.

పల్లకి ముందు నడుస్తున్న హయసాక కంగారుగా వచ్చాడు. "పూజారిగారు లేదన్నారుగా?"

"నాకు మైలండీ" అంది షిగెనో, తలుపు వేసుకుంటూ.

హయసాక కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. మోసేవాళ్లు నోళ్లు మూసుకుని, చావు జరిగిన ఇంటి ముందు నడిచినట్టే ఆ గుమ్మం దాటారు. లోపల షిగెనోకి అప్పుడు ఏడుపొచ్చింది.