చిన్నాయనకు దారివ్వని మెట్లు

మా రూము చిన్నాయన పోయి ఇవ్వాళ్టికి పదహారు రోజులు. గురువారం పొద్దున కువైట్‌లో, ఖైతాన్‌లోని మా బిల్డింగు నుంచి ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. మధ్యాహ్నానికల్లా వాట్సాప్ గ్రూపు నిండా పూలదండ వేసిన ఫోటోలు, దండం పెట్టే బొమ్మలు. ఇక్కడి తెలుగు సంఘం వాళ్లు ఫోన్ చేసి, తమ పత్రిక సంచికలో వేస్తాం, ఆయన గురించి రెండు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలు తర్వాత. ఇప్పుడు నాకు వస్తున్నవన్నీ తిట్లే, అందులో మొదటి వాటా నాదే.

ఆ సాయంత్రం రాయచోటి నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. ఏడుపు మధ్యలో ఒక్కటే అడిగింది.

"బిన్నే కిందికి దించినారా నాయనా?"

"ఒక్క నిమిషం గూడా ఆలస్యం కాల్యా చిన్నమ్మా" అన్నాను.

అబద్ధం. అది చెప్పినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆమెకు మళ్లీ ఫోన్ చేసే ధైర్యం రాక ఇది రాస్తున్నాను.

ఆయన నాకు సొంత చిన్నాయన కాదు, వరసకు అంతే. మేస్త్రీ పని. కువైట్‌లో ఎన్ని గోడలకు పూత పూశాడో ఆయనకే లెక్క తెలియదు. పడుకునే గదికి మాత్రం ప్లైవుడ్ గోడలు. మా ఓనర్ రెండు గదుల ఫ్లాటుకు చెక్కలు కొట్టించి ఐదు గదులు చేశాడు. పక్క గదిలో ఎవడు తుమ్మినా ఇవతల మేము చిరంజీవ అనాల్సిందే.

నేను వచ్చిన మొదటి వారం తప్పు బస్సెక్కి సల్వాలో దిగిపోయాను. చుట్టూ పెద్ద పెద్ద ఇళ్లు, తెలుగు మాట వినబడలేదు. ఫోన్ చేస్తే ఆయన పని మధ్యలో వదిలేసి, చేతులకు సిమెంటు అలాగే ఉండగా కారు మాట్లాడుకుని వచ్చాడు. తిడతాడనుకున్నాను. "ఏమన్నా తిన్యావా?" అన్నాడు. శుక్రవారమైతే తనే రాగిసంగటి కెలికేవాడు, ఇంకొకడి చేతికి కట్టె ఇచ్చేవాడు కాదు. ఉండలు కట్టిందని ఎవడైనా అంటే ఆ పూటకు వాడితో మాటలుండవు.

ఇంత మంచాయనతో మా బిల్డింగుకు పడేది కాదు. కారణం అట్టపెట్టెలు.

ఇక్కడ మాలాంటి వాళ్లందరికీ ఒక కార్గో పెట్టె ఉంటుంది. జీతం వచ్చినప్పుడల్లా ఒక దుప్పటో, సబ్బులో, పాలపొడి డబ్బానో కొని అందులో వేస్తాం. నిండటానికి ఏడాది పడుతుంది, నిండాక ఇంటికి పంపుతాం. గదిలో కాలు పెట్టడానికే చోటు లేదు కాబట్టి ఆ పెట్టెలన్నీ మెట్ల మలుపుల్లో పేర్చుకుంటాం. ఒక్కోదాని మీద పేరు, ఊరు. లిఫ్టు చెడిపోయి నెలలైంది. బిల్డింగు కాపలావాణ్ణి ఎప్పుడడిగినా "బుక్రా" అంటాడు, రేపట. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

చిన్నాయన నాలుగో అంతస్తు నుంచి దిగుతూ గట్టిగా అరిచేవాడు. "రాజంపేట దాటినా! పుల్లంపేట కాడ కాలు తట్టుకున్యా! ఎవురిదిరా ఈ పుల్లంపేట?" మేము లోపల పడీపడీ నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవాడు కాదు.

ఒక శుక్రవారం ఆయన అరబ్బీలో అర్జీ రాయించుకొచ్చాడు, మునిసిపాలిటీకి ఇవ్వడానికి. చెక్క గోడలు, పనిచేయని లిఫ్టు, దారి లేని మెట్లు, అన్నీ అందులో ఉన్నాయి. మేమంతా చుట్టుముట్టాం. జగిత్యాల నుంచి వచ్చిన పక్క గది అన్నకు ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, గడువు అయిపోయింది. ఆ అన్నే ముందుకొచ్చాడు.

"నువ్వు గీ కాయితం పెడితే ఓనర్‌కు ఏం గాదు కాకా. కరెంటు కట్ జేస్తరు. మమ్మల్ని రోడ్డు మీద పడేస్తరు. నన్నైతే విమానం ఎక్కిస్తరు."

అందులో అబద్ధం లేదు. వేరే బిల్డింగుల్లో చూశాం. చట్టం మమ్మల్ని కాపాడ్డానికే వస్తుందట, వచ్చి ముందు మా పరుపులే బయటికి విసురుతుంది. నిప్పంటుకుంటే చస్తామని చెప్పి ఎండలో నిలబెడుతుంది. ఓనర్ జరిమానా కట్టి ఇంటికి పోయి ఏసీలో పడుకుంటాడు. ఇదేం న్యాయమని ఎవరిని అడగాలి?

కానీ ఆ రోజు నేను అడిగింది చిన్నాయనను. ఆయన చేతిలోని కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేశాను.

"ఖలాస్ చిన్నాయనా. మా పొట్ట కొట్టొద్దు. ఇంగ ఈ మాట ఎత్తొద్దు."

ఆయన వంగి ముక్కలు ఏరుకున్నాడు. "మునిసిపాలిటీ మన చేతిలో ల్యా, ఓనర్ మన చేతిలో ల్యా. మెట్లు మన చేతిలో ఉండాయి గదరా" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం తనే పెట్టెలు మోసి ఎవరి గుమ్మం ముందు వాళ్లది పెట్టేవాడు. మేము మళ్లీ మలుపులోకి తోసేవాళ్లం. నా పెట్టె రెండో అంతస్తు మలుపులో అన్నిటికంటే పెద్దది. ఆయన జరపకుండా దాన్ని నైలాన్ తాడుతో రెయిలింగుకు కట్టేశాను, మూడు ముళ్లు వేసి. పైగా గదిలో అందరికీ చెప్పి నవ్వాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

గురువారం పొద్దున ఆయనకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు త్వరగానే వచ్చింది. ఇద్దరు మనుషులు పెట్టెలు దాటుకుంటూ పైకొచ్చి, ఆయన్ను స్ట్రెచర్ మీద కట్టుకుని దిగారు. రెండో అంతస్తు మలుపులో ఆగిపోయారు. స్ట్రెచర్ తిరగదు. మిగతా పెట్టెలను పైకీ కిందికీ లాగేశాం. నాది కదల్లేదు. "యల్లా! యల్లా!" అని వాళ్లు తొందరపెడుతూ అరుస్తున్నారు. నా వేళ్లకు ముడి ఊడి రాలేదు. జగిత్యాల అన్న వంటగదిలోకి పరిగెత్తి కత్తి తెచ్చాడు. ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. ఆ కాస్త సేపు మిగిలి ఉంటే బతికేవాడో లేదో ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగడానికి భయం.

సంతాప సభలో ఒకాయన "టైమొచ్చింది, పోయాడు" అన్నాడు. కాలర్ పట్టుకోబోయాను, పక్కవాళ్లు ఆపారు. టైము కాదు సార్. ఆయనకు అడ్డమొచ్చింది నా పెట్టె. అందులో రెండు దుప్పట్లు, కొన్ని సబ్బులు, పాలపొడి. దేవుడి మీదికి తోయకండి.

ఈ సంచిక రాయచోటికి కూడా పోతుంది. చిన్నమ్మకు చదువు రాదు, కూతురు చదివి వినిపిస్తుంది. వినిపించు చెల్లీ, ఏదీ దాటేయకుండా.

చిన్నమ్మా, బిన్నే దించలేదు. నా వల్ల ఆగింది. నేను మెట్ల మీద మోకాళ్లేసుకుని, కత్తితో ఆ తాడును పిచ్చిపట్టినట్టు కోస్తున్నాను. తలెత్తి చూస్తే చిన్నాయన చెమటతో తడిసిపోయి, స్ట్రెచర్ మీద నుంచి నా వైపే చూస్తున్నాడు. తిడతాడనుకున్నాను.

"నిదానంగా కొయ్‌రా" అన్నాడు. "చెయ్యి తెగుతాది."