ఎడమచేతి కత్తెర

ఆమెను వీధంతా ఎడమచేతి అక్క అనేది. దర్జీ దుకాణంలో గుడ్డ కత్తిరించడం ఆమె పని. కుడిచేతి వాళ్ల కత్తెర పట్టుకుంటే ఆమెకు గుడ్డ తెగదు, నలుగుతుంది. అందుకని పట్టుబట్టి ఎడమచేతికి సరిపడే కత్తెర చేయించుకుంది. దాంతో ఎవరైనా కాగితం కత్తిరించారో, ఇంటికొచ్చిన చుట్టమని కూడా చూడకుండా చీవాట్లు పెట్టేది.

దుకాణం మూతబడబోతోందని తెలిసిన రోజుల్లోనే, దూరపు నగరంలోని ఒక బట్టల కర్మాగారం నుంచి కబురొచ్చింది. కటింగ్ మాస్టరు ఉద్యోగం ఒక్కటే ఉంది. ఎవరి కత్తెర వాళ్లు తెచ్చుకుని, గుడ్డ కత్తిరించి చూపించాలి. విమానం టికెట్లు వాళ్లే పంపారు. పిలుపు ఇద్దరికి వచ్చింది: అక్కకీ, అదే దుకాణంలో చొక్కాలకు బొత్తాల కాజాలు కుడుతూ ఆమె దగ్గరే కటింగ్ నేర్చుకున్న కాజాల చెల్లెలికీ. చెల్లెలంటే వరసకు పిలుచుకునే చెల్లెలే, రక్తసంబంధం లేదు. "ఎవరికొచ్చినా ఒకటేలే" అనుకున్నారు ఇద్దరూ. అక్క మనస్ఫూర్తిగానే అనుకుంది, పిచ్చి మాలోకం. ఈ ఉద్యోగం రాకపోతే ఆ వయసులో ఆమెను పనిలోకి తీసుకునేవాళ్లెవరూ లేరు.

అక్క విమానం ముఖం చూడలేదు. చెల్లెలు రెండుసార్లు ఎక్కింది. ఇక పాఠాలు మొదలయ్యాయి.

"గుర్తింపు కార్డు చేతికందేలా పెట్టుకో అక్కా. నీళ్ల సీసా తేకు, పారబోయిస్తారు. పిన్నీసులు తీసెయ్, యంత్రం కూస్తుంది."

అక్క చెవులప్పగించి వింది. పిన్నీసులన్నీ తీసేసి ఆ చోట్ల దారంతో కుట్లు వేసుకుంది. కత్తెర సంగతి కూడా అడిగింది. అడగలేదని ఆమెను ఎవరూ అనకూడదు.

"చేతిసంచిలోనే పెట్టుకో. పెట్టెల్ని ఎలా పడితే అలా విసిరేస్తారు. మొన వంగితే ఇంకేముంది నీకు?" అంది చెల్లెలు.

మొన వంగుతుందన్నాక ఏ దర్జీ అయినా ఇంకో ప్రశ్న వేస్తుందా? అక్క కత్తెరను మెత్తటి గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టుకుంది. పిన్నీసుకే కూసే యంత్రం కత్తెరకు ఊరుకుంటుందా అన్న అనుమానం ఆమెకు రాలేదు. నవ్వొచ్చే మాటే గానీ, అన్నేళ్లు చేతిలో ఆడినదాన్ని ఇనుము అనుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది.

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర చెల్లెలి సంచి ఇట్టే దాటిపోయింది. అక్క సంచి ఆగిపోయింది. కాపలా అమ్మాయి కత్తెర బయటికి తీసి, "ఇది లోపలికి పోనివ్వరమ్మా. వెనక్కి వెళ్లి, ఈ సంచిని సామానులో వేయించి రండి. త్వరగా వెళ్తే అందుకోవచ్చు" అంది.

చెల్లెలు బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో, నాకు తెలీదక్కా. నువ్వు పరిగెత్తు. నేను గేటు దగ్గర చెప్పి ఆపుతాను."

"చెప్పమ్మా, వచ్చేస్తున్నానని చెప్పు" అని అక్క బతిమాలింది.

తెలియని దారుల్లో అడిగినవాళ్లనే మళ్లీ అడుగుతూ, వరసలో ముందున్న వాళ్లందరికీ దండాలు పెడుతూ, సంచి ఇచ్చేసి, రొప్పుతూ గేటు దగ్గరికి వచ్చింది. తలుపు మూసేసి ఉంది. గేటు దగ్గరి ఉద్యోగిని చీటీ చూసి నొసలు చిట్లించింది.

"మీ గురించి అడిగామమ్మా. విమానమంటే భయమేసి మీరు ఇంటికి వెళ్లిపోయారని మీతో వచ్చినావిడ చెప్పారు. మీ సామాను కూడా దింపించేశాం."

చెల్లెలి సంచి చప్పుడు చేయకుండా ఎందుకు దాటిందో అక్కకు అప్పుడు తెలిసింది. చెల్లెలి కత్తెర హాయిగా పెట్టెలో పడుకుని వెళ్తోంది. తన చేతుల్లో పెరిగిన పిల్ల, కూర్చోబెట్టి పాఠం చెప్పి మరీ గొంతు కోసింది. దొంగ వచ్చి దోచుకున్నా అక్కకు ఇంత దుఃఖం వచ్చేది కాదు.

నాలుగు కడిగేద్దామని ఫోను చేసింది. ఒక్క మోతకే అవతల ఎత్తారు.

"ఎక్కడున్నావక్కా?" గొంతు నిండా ప్రేమ. "గేటు దగ్గర ఎంత బతిమాలానో. ఇంకా రాలేదేంటి, నా పక్క సీటు నీకోసం అట్టిపెట్టుకుని కూర్చున్నాను."

కూడబెట్టుకున్న తిట్లన్నీ ఆ గొంతు వింటూనే అక్క మరిచిపోయింది.

మూసేసిన తలుపుకేసి చూస్తూనే, "వస్తున్నాలే" అంది.