అద్దం వెనక నుంచి చూసిన భోజనం

2005 శీతాకాలంలో నన్ను అమెరికాలో, ఇర్వింగ్‌లోని మా ఇంటికి ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక పరిశోధన కేంద్రంలో సీనియర్ డైటీషియన్‌గా వేశారు. ఇరాక్ యుద్ధం నడుస్తోంది. తిండి అందక చిక్కిపోయిన సైనికుడికి మళ్ళీ ఎలా తినిపించాలో తేల్చడం మా పని. అందుకు ఆరోగ్యవంతులైన వాలంటీర్లను, వాళ్ళ సమ్మతితోనే, కొన్ని వారాలు అర్ధాకలితో ఉంచేవాళ్ళం. తర్వాత కోలుకునే దశలో కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ పెట్టి పోల్చేవాళ్ళం.

మెటబాలిక్ కిచెన్ అంటే పేరుకే వంటిల్లు, నిజానికి త్రాసుల గది. ప్రతిదీ గ్రాముల్లో తూచి పెట్టాలి. తిన్నాక ప్లేటును రబ్బరు గరిటెతో గీకి, కడిగిన నీళ్ళు కూడా వాలంటీరే తాగాలి. మా అత్తగారు చూసి ఉంటే నన్ను గడప తొక్కనిచ్చేవారు కాదు. భోజనాల గదికి ఒక పక్క అద్దం, దాని వెనక చీకటి గదిలో మేము. మాకు వాళ్ళు కనిపిస్తారు, వాళ్ళకు తమ ముఖాలే కనిపిస్తాయి. రోజులు గడిచేకొద్దీ వాళ్ళలో మాటలు అడుగంటాయి. ఒకరు నములుతుంటే, తినడం అయిపోయినవాళ్ళ దవడలు కూడా కదిలేవి.

వాళ్ళలో కార్తీక్ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. తనతో చదువుకున్న స్నేహితుడు సైన్యంలో చేరి ఇరాక్ వెళ్ళాడు, తాను కనీసం ఈ పనైనా చేయాలని వచ్చాడు. కోలుకునే దశలో అతను ఎక్కువ భోజనం పెట్టే జట్టులో పడ్డాడు. సరిగ్గా అప్పుడే తినడం తగ్గించాడు. మొదట ఒక చెంచాడు ప్లేటు అంచున వదిలాడు, తర్వాత సగం, తర్వాత మొత్తం. పెరగాల్సిన బరువు తగ్గింది, నాడి మందగించింది. మర్నాటికీ ఇలాగే ఉంటే ఆస్పత్రికి పంపి ముక్కులోంచి గొట్టం వేయిస్తానని డాక్టరు తేల్చి చెప్పాడు.

భాష తెలిసినదాన్నని నన్ను మాట్లాడమన్నారు.

"ఆంటీ, అందరూ నా ప్లేట్ చూస్తున్నారు. అమ్మమ్మ చెప్పింది, ఎవరు చూస్తే వాళ్ళకి ఫస్ట్ ముద్ద ఇవ్వాలి అని. ఇక్కడ షేర్ చేస్తే రూల్ బ్రేక్ కదా. హౌ కెన్ ఐ ఈట్?" అన్నాడు.

దిష్టి! మా బాస్‌కి ఆ మాట అర్థమయ్యేలా చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆకలి కళ్ళు పడిన తిండి వంటికి పట్టదన్న మాట ఆయనకు మానసిక ఆందోళన లక్షణంగా తోచింది. ఒంటరిగా కూర్చోబెట్టమన్నారు.

ఆ మధ్యాహ్నం గదిలో కార్తీక్ ఒక్కడే. అద్దం వెనక నేనొక్కదాన్నే. చెంచా ఎత్తాడు, ఆగాడు, అద్దం వైపు తిరిగాడు. చూపు సూటిగా నా కళ్ళలో పడింది. నేను మెల్లగా పక్కకు జరిగాను. చూపూ జరిగింది. ఇటు వచ్చాను, ఇటే వచ్చింది. అవతలి నుంచి ఏమీ కనిపించదు, ఆ సంగతి నేనే స్వయంగా పరీక్షించాను. చాలా భయమేసింది. అతను ఆ చెంచాను నా వైపు చాచి, దించకుండా పట్టుకున్నాడు. ఆ రోజు హడావుడిలో నేనింకా భోజనం చేయలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు కూడా.

లేచి గదిలోకి వెళ్ళాను.

"నువ్వా ఆంటీ?" అన్నాడు. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు.

చెంచా అందుకుని తిన్నాను. అతనింకా నోట పెట్టలేదు కాబట్టి ఎంగిలి బెంగ లేదు. ఉప్పులేని అన్నం, ఉడికించిన బీన్స్. మిగతాదంతా అతను వేరే చెంచాతో తిన్నాడు. ప్లేటు గీకాడు, నీళ్ళు తాగాడు.

నేను చేసింది నేనే రిపోర్టులో రాశాను. ఆ పూట కొలత చెల్లదని కొట్టేసి, నాకు మెమో ఇచ్చారు. ఇవ్వాల్సిందే. గొట్టం అవసరం మాత్రం రాలేదు. ఆకలిని కొలిచేచోట, చూసేవాళ్ళ ఆకలిని లెక్కలోంచి తీసేయలేమని నాకు అప్పుడు తెలిసింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, నేను తినకుండా మరొకరి భోజనాన్ని మళ్ళీ చూడలేదు.